మూగ డిస్కు

ప్లేయర్ తెర మీద అంకెలు పరుగెడుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. తొకుజి ఇయర్‌ఫోన్లు పీకి, ఊది, మళ్లీ చెవుల్లో పెట్టుకున్నాడు. గొంతు రికార్డు చేసి పంపే ఆ చిన్న మినీడిస్కు తిరుగుతున్న సన్నటి సవ్వడి తప్ప మరేమీ లేదు. మూడు నిమిషాల పదకొండు సెకన్ల దగ్గర అంకెలు ఆగిపోయాయి. ఇది ఆరోసారి.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. డిస్కుతో పాటు భార్య మిసావో పంపిన చీటీలో రెండే వాక్యాలు: "చివరిదాకా వినండి. సోమవారం పదకొండింటికి ఫోన్ చేస్తాను, ఒక్క మాటలో జవాబు చెప్పండి."

ఇవాళే సోమవారం. దేనికి జవాబు? కాలుగాలిన పిల్లిలా వంటింటికీ ముందుగదికీ తిరిగాడు. టీకి నీళ్లు పెట్టి మరిచిపోయాడు. కెటిల్ కూత పెడితే ఫోనేమోనని పరుగెత్తాడు.

ప్లేయర్‌ను అనుమానించాలన్న ఆలోచన అతనికి వస్తే ఒట్టు. సువా ఊళ్లో ఈ ప్లేయర్లు చేసే ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఈ ప్లేయర్ అతని చేతుల మీదుగా పాసై వచ్చిందే. పెళ్లాం తప్పు చేస్తుంది, లోకం తప్పు చేస్తుంది, తను పాస్ చేసిన మెషిన్ చేయదు! కాబట్టి డిస్కులోనే ఏమీ లేదు. తెర మీద పేరు ఉండాల్సిన చోట 'ఎల్‌పి' అని రెండక్షరాలు పడుతున్నాయి. అవి కూడా ఆమె సగంలో మానేసిన రాతే అనుకున్నాడు.

మాటల్లేని డిస్కుకు అర్థం ఒక్కటే. నెల క్రితం కోపంలో విడాకుల కాగితం మీద సంతకానికి బదులు వేసే తన పేరు ముద్ర తనే గుద్ది ఆమె మొహాన విసిరాడు. ఆమె కూడా ముద్ర వేసి పురపాలక ఆఫీసు కిటికీలో ఇస్తే చాలు, ముప్పై నాలుగేళ్ల కాపురం ఐదు నిమిషాల్లో సరి. ఆ కాగితం పట్టుకునే మిసావో అక్కగారింటికి పోయింది. ఇక మాటల్లేవు, కాగితం ఇచ్చేయనా అని అడుగుతోందన్నమాట. ఎలా ఇవ్వనిస్తాడు? ఆమె లేని ఈ నెలలో అతనికి ఒక్క పూటా అన్నం సయించలేదు. ఆ ముక్క నోరు తెరిచి చెప్పడం మాత్రం చేతకాదు, మొండిఘటం.

ఫోన్ మోగింది.

"విన్నారా?"

"విన్నాను."

"చివరిదాకా?"

"ఆరుసార్లు! ఒక్క ముక్క పోకుండా." వినబడలేదంటే పరువేం కావాలి?

ఆమె వెనక జనం అలికిడి. ఎవరో నంబర్లు పిలుస్తున్నారు.

"ఎక్కడున్నావు నువ్వు?"

"అది తర్వాత. ముందు మీ జవాబు చెప్పండి."

"కుదరదు."

"ఏంటండీ?"

"కుదరదంటే కుదరదు! చచ్చినా ఒప్పుకోను!"

అవతల మరో నంబరు పిలిచారు.

"కాస్త ఆలోచించి చెప్పండి..."

"ఆలోచించడానికేముంది? నా మాట మారదు."

"సరేనండి," అంది మిసావో మెల్లగా. "ఆరోగ్యం జాగ్రత్త." ఫోన్ పెట్టేసింది.

హమ్మయ్య, కాగితం ఆపేశాననుకుని తొకుజి కుర్చీలో కూలబడ్డాడు. కానీ కూర్చోలేకపోయాడు. ఆ 'ఆరోగ్యం జాగ్రత్త' ఎక్కడో గుచ్చుకుంది. డిస్కు జేబులో వేసుకుని వీధి చివర హిరోసె ఎలక్ట్రిక్ షాపుకు దాదాపు పరుగెత్తాడు.

"ఇందులో ఏమైనా ఉందేమో చూడవయ్యా. ఏమీ లేదులే, ఊరికే."

హిరోసె డిస్కును కొత్త ప్లేయర్లో పెట్టి నవ్వాడు. "ఇది నాలుగింతలు కుదించి రికార్డు చేసింది గురువుగారూ. కొత్త పద్ధతి. పాత ప్లేయర్లో పెడితే అంకెలు తిరుగుతాయి, గొంతు రాదు. తెర మీద 'ఎల్‌పి' అని పడలేదూ?"

"పడింది."

"అదే గుర్తు. మీరు రిటైరయ్యాక వచ్చింది లెండి, మీకెలా తెలుస్తుంది!"

"నా ప్లేయర్..." అంటూ తొకుజి ఆ కొత్త ప్లేయర్ ఇయర్‌ఫోన్లు లాక్కుని చెవుల్లో పెట్టుకున్నాడు.

మూడు నిమిషాలు కాదు, పన్నెండు నిమిషాలకు పైగా మిసావో మాట్లాడింది. అక్క కొన్న కొత్త రికార్డరులో చెబుతున్నానంది. తవుడులో ఊరేసిన ముల్లంగిని రోజూ కలియబెట్టమంది. ఆ రోజు గొడవలో తన తప్పూ ఉందంది. తొకుజి కౌంటరు అంచు గట్టిగా పట్టుకుని విన్నాడు. చివరికి ఇలా అడిగింది.

"సోమవారం పురపాలక ఆఫీసు నుంచే ఫోన్ చేస్తాను. మీరు వద్దంటే కాగితం అక్కడికక్కడే ఇచ్చేస్తాను, మళ్లీ మిమ్మల్ని విసిగించను. ఒక్క మాట చెప్పండి చాలు. ఏవండీ, నేను ఇంటికొచ్చేయనా?"