ఏడో మంచం గడి

ఆసుపత్రి యంత్రాల్లో నడిచే లినక్స్ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను తయారుచేసే పని పెద్దాయనది. ఏ ఆప్షన్ ఉండాలో, ఎందుకుండాలో చాంతాడంత ఫైలులో తనే రాసిపెట్టుకునేవాడు. ఆయన పోయాక ఆ పని అల్లుడి చేతికొచ్చింది. అదంతా చదివే ఓపిక లేక, టిక్కు పెడితే ఉండేట్టు, తీస్తే పోయేట్టు అల్లుడు ఒక తేలికైన పట్టిక కట్టాడు. మొదటిసారి సేవ్ చేయగానే అది పాత ఫైలు మీదే రాసుకుపోయి, మామగారు రాసిన కారణాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. పోతే పోనీ అనుకున్నాడు.

ఒక్క గడి దగ్గర మాత్రం ఆగాడు. ‘ఖాళీ మంచం మీద నాడి కనిపిస్తే అలారం మోగించు.’ ఖాళీ మంచానికి నాడేమిటని నవ్వుకుని టిక్కు తీసేశాడు. ఆ రాత్రే కొత్త ప్యాకేజీని వార్డు యంత్రాల్లోకి పంపేశాడు.

తెల్లవారుజామున రెండు గంటలకు ఫోను మోగింది. వార్డులో ఒంటరిగా డ్యూటీలో ఉన్న బావమరిది.

“బతికించావు బావా! ఏడో మంచం అలారం రోజూ ఈ వేళకి చెవులకు చిల్లులు పొడిచేది. ఇవాళ కిక్కురుమనలేదు.”

“రోజూ మోగేదా? మోగితే ఏం చేసేవాడివి?”

“బయటికెళ్లి తలుపేసుకునేవాణ్ణి. నాన్న మాట. ఎందుకని అడిగితే, ఫైల్లో రాశాను, మీ బావ చదువుతాడ్లే అన్నాడు.”

అల్లుడు దిగ్గున లేచి కూర్చున్నాడు.

“ఆ మంచం ఖాళీయేనా?”

“ఖాళీయే. తెర మీద నాడి మాత్రం డెబ్బై చూపిస్తోంది... ఆఁ, ఇప్పుడే సున్నా అయింది. లేచి వెళ్లిపోయినట్టుంది.” నవ్వాడు.

“ఒరేయ్, బయటికి నడు!”

ఫోనులో బావమరిది ఊపిరి వినబడుతోంది. దాని పక్కనే, కాస్త నెమ్మదిగా, ఇంకొకటి.