కమలాకర్ ఫోల్డర్

“దాని మీద చెయ్యి వెయ్యకు!”

కమలాకర్ అరుపుకు శైలజ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. క్యాంపస్ కంప్యూటర్ సెంటర్‌లో మిగతావాళ్లు తలలు దించుకున్నారు.

“వెయ్యకపోతే ఎట్ల సార్? హాల్‌టికెట్ల యాప్ లేస్తలేదు. పిల్లలు కిటికీ కాడ కొట్లాడుతున్నరు.”

“లేవకపోతే నీ యాప్‌ల చూసుకో. నా ఫోల్డర్ జోలికి రాకు.”

జావా యాప్‌లు నడవాలంటే కావలసిన లైబ్రరీ ఫైళ్లన్నీ సర్వర్‌లో ఒక్క ఫోల్డర్‌లో పెట్టింది కమలాకరే. అడ్మిషన్లు, ఫీజులు, హాస్టళ్లు, అన్నీ అందులోంచే తీసుకునేవి. ఊరందరికీ ఒకటే పొయ్యి. పొయ్యి దగ్గర కూర్చున్నవాణ్ని ఎవడు లేపుతాడని ఆయన ధీమా.

లేపారు. ఇన్‌చార్జిగా వచ్చిన శైలజ, ఏ యాప్‌కు కావలసిన ఫైళ్లు ఆ యాప్‌లోనే ఉండాలని పట్టుబట్టి కొత్తవి పెట్టించింది. కమలాకర్ కాంట్రాక్టుకు ఇదే ఆఖరి రోజు.

“అన్నిట్ల పెట్టించిన గదా సార్. ఇంక మీ ఫోల్డర్ ఎందుకు?”

“నాలుగు ఫైళ్లు కాపీ కొట్టంగనే ఇంజినీర్లు అయితరా? పానమంతా నా దాంట్లనే ఉన్నది. అది పోతే ఒక్క యాప్ నిలవడదు. దమ్ముంటే తీసి చూడు.”

పరీక్షల ముందు శైలజకు అంత దమ్ము లేకపోయింది.

కిటికీ దగ్గర భూమిక అనే అమ్మాయి ఏడుపు ముఖంతో నిలబడింది. “సార్, వారం సంది తిరుగుతున్న. సోమవారమే పరీక్ష. హాల్‌టికెట్ లేకుంటే కూసోనియ్యరు.”

“గా మేడమ్‌నడుగు. రేపటి సంది ఆమెదే రాజ్యం.”

“మా మీది కోపం పిల్లల మీద తీస్తున్నరా సార్?” అంది శైలజ.

“తీస్తలేను. నేను లేకుంటే ఏమైతదో చూపిస్త. రేపు నా కాళ్ల కాడికి మీరే వస్తరు.”

శైలజ పిల్లలకు సర్దిచెప్పడానికి కిటికీ దగ్గరకు వెళ్లింది. కమలాకర్ ఆ ఫోల్డర్‌ను మొత్తం తుడిచేశాడు. దాని బ్యాకప్ కూడా వదల్లేదు. దెబ్బ వెంటనే తగలాలని సర్వర్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేశాడు. ఇక చావండి అనుకుంటూ వెనక మెట్ల మీదుగా దిగి, ఆటో ఎక్కాడు.

తార్నాకలో మెట్రో కింద హోటల్లో చాయ్ చెప్పి, ఫోన్ బల్ల మీద పెట్టుకున్నాడు. చాయ్ రాకముందే మోగింది. కాసేపు మోగనిచ్చి ఎత్తాడు.

“ఏం మేడమ్, పడ్డయా అన్నీ?”

“సార్, మీ ఫోల్డర్ కనిపిస్తలేదు. మీరే తీసిన్రా?”

“నేనే తీసిన. ఏం చేస్తవ్?”

అవతల పిల్లల కేకలు. శైలజ మాట కూడా సరిగ్గా వినపడటం లేదు. కమలాకర్‌కు కడుపు నిండింది.

“అరవనియ్, మంచిగ అరవనియ్! ఇప్పుడు తెలుస్తది కమలాకర్ అంటే ఏందో.”

“సంతోషంతోని అరుస్తున్నరు సార్, హాల్‌టికెట్లు వస్తున్నయ్,” అంది శైలజ. “ఇన్ని రోజులు మా కొత్త ఫైళ్లకు అడ్డం పడ్డది మీ ఫోల్డర్ల పాత ఫైళ్లే.”