తొంబై ఏడున్నర

“దీన్ని మాత్రం పారెయ్యద్దండి సార్!” ల్యాబ్ అటెండరు దాసప్ప ఆ గాజు బుడ్డిని రెండు చేతుల్తో పొదివి పట్టుకున్నాడు.

రెండు వేల నాలుగు, మే నెల. మదనపల్లెలో ఓ డిగ్రీ కాలేజీ. ఫిజిక్స్ ల్యాబులో పాత సామాను ఖాళీ చేస్తున్నారు. లెక్చరర్ జయచంద్రకు ఉద్యోగంలో అది ఆఖరి వారం. అరిగిన స్కేళ్లూ, పేర్లు చెక్కిన బల్లలూ బయటికి పోతుంటే ఒక్కోదాన్నీ ఆప్యాయంగా తడిమి పంపుతున్నాడు. ఈ బుడ్డి మీద మాత్రం కోపమే.

“ముప్పై ఏండ్లు అబద్ధం చెప్పిందప్పా ఇది! బుడ్డిలో గాలి చల్లబడేకొద్దీ పీడనం తగ్గుతుంది. గ్రాఫులో ఆ గీతను అట్లే వెనక్కి పొడిగిస్తే, పీడనం మొత్తం పోయే చోటు మైనస్ రెండొందల డెబ్బై మూడు రావాల. అదే పరమ శూన్యం. పరమ ఉష్ణోగ్రతను ఆడ నుంచే కొలుస్తాం. దీంతో ఎప్పుడు చేసినా రెండొందల ఎనభై! పిల్లోల్లంతా అంకెలు దిద్దుకోనే రాసినారు.”

“పొయ్యేముందు ఒక్కసారి చేసి సూడండి సార్.”

జయచంద్ర నవ్వి, చొక్కా చేతులు మడిచాడు. దాసప్ప సోడా అంగడి నుంచి ఐసు తెచ్చాడు, కిరసనాయిలు స్టవ్వు వెలిగించాడు. ఆ వాసనకే జయచంద్రకు మొదటి బ్యాచి పిల్లలు గుర్తొచ్చారు. బుడ్డిని ముందు ఐసులో, తర్వాత మరిగే నీళ్లలో ముంచి, దానికి తగిలించిన గొట్టంలో పాదరసం ఎంత ఎక్కిందో చూసి పీడనం లెక్క కట్టుకున్నారు.

“తెర్లే నీళ్లు, నూరు డిగ్రీలు,” అంటూ రాయబోయాడు జయచంద్ర.

“థర్మామీటరు సూడండి సార్.”

తొంబై ఏడున్నర.

“చెడిపోయినట్టుంది.”

దాసప్ప ఇంకో రెండు ముంచాడు. అవీ అంతే చూపించాయి.

“మన మదనపల్లె ఎత్తు మీద ఉండాది కదా సార్. ఈడ గాలి ఒత్తిడి తక్కువ. నీళ్లు నూరు దాకా పోకనే తెర్లుతాయి.”

జయచంద్ర ఈసారి నూరు దగ్గర కాకుండా తొంబై ఏడున్నర దగ్గర చుక్క పెట్టి గీత గీశాడు. దాన్ని వెనక్కి పొడిగించాడు. మైనస్ రెండొందల డెబ్బై మూడు!

“నాకు ఇన్నేండ్లూ తట్టలేదే! నీకెవరు చెప్పినారు దాసప్పా?”

దాసప్ప బుడ్డి తుడుస్తూ, తలెత్తకుండానే అన్నాడు.

“మా కూతురు సుమలత సార్. తొంబై ఆరో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో ఇదే రాసింది. మీరే సున్నా ఏసినారు.”