ఏసీ బస్సు అల్లుడు

చెయ్యెత్తినది సాక్షాత్తూ పిల్లనిచ్చిన మామగారని తెలిసేసరికి డ్రైవరు అప్పటికే బ్రేకు తొక్కేశాడు. మెడలోని తువ్వాలు ఉన్నపళంగా కళ్ళదాకా చుట్టేసుకున్నాడు. పెళ్ళిచూపుల్లో ‘ఏసీ స్లీపరు నడుపుతాను’ అని కోసిన కోత అలాంటిది మరి. చేతిలో ఉన్నదేమో, చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆగి, దగ్గుతూ బయలుదేరే ఆర్డినరీ బస్సు.

బస్సులో బోలెడు సీట్లు ఖాళీగా ఉన్నా, పెద్దాయన తిన్నగా వచ్చి ఇంజను పెట్టె పక్కనే చతికిలబడ్డాడు. ఆ పెట్టె మీద డ్రైవరుగారి స్టీలు క్యారేజీ వెచ్చబడుతోంది. మధ్యాహ్నానికి అన్నం పొగలు కక్కాలంటే దానికి అదే చోటు.

“ఏమిటయ్యా ఈ కుదుపు? పళ్ళూడి ఒళ్ళో పడేలా ఉన్నాయి! మా అల్లుడి బస్సు చూడాలి. ఏసీ స్లీపరు. గ్లాసు నిండా నీళ్ళు పెడితే చుక్క తొణకదు.”

“అలాగా బాబాయ్?” అన్నాడు కండక్టరు టికెట్టు చింపుతూ.

“పరుపులు, దుప్పట్లు, రెండంతస్తులు. పైన స్నానాల గది కూడానూ!”

‘స్నానాల గదని నేనెప్పుడన్నాను!’ డ్రైవరు చెవులు కాలిపోయాయి.

“వానొస్తే మన బస్సులో అందరికీ స్నానమే బాబాయ్. ఏం డ్రైవరన్నా, అంతేనా?”

గొంతు విప్పితే దొరికిపోతాడు. డ్రైవరు ఒకసారి హారను కొట్టాడు. బస్సంతా గొల్లుమంది.

“మీ డ్రైవరు మూగవాడా?”

“పొద్దుట్నుంచీ వాగుతూనే ఉన్నాడు. అన్నా, కొత్త పెళ్ళికూతురిలా ఆ ముసుగేంటన్నా?”

ఈసారి హారను రెండుసార్లు మోగింది.

“పోనీలే, దుమ్ముకి చుట్టుకున్నాడేమో. మా అల్లుడికి ఆ బాధ లేదు. మా వీధిలో ఎవరు కనబడ్డా గొప్పగా చెప్పుకుంటాను” అన్నాడు పెద్దాయన.

డ్రైవరుకి తలని స్టీరింగు కింద దూర్చేసుకోవాలనిపించింది. తువ్వాలు తడిసి ముద్దయింది. చెమటకో, కన్నీళ్ళకో, అడక్కండి.

పెద్దాయన దిగే చోటు వచ్చింది. గుంట తప్పించి, మెట్టు గట్టుకి ఆనేలా, ఆ బస్సు పుట్టాక ఎన్నడూ ఆగనంత మెత్తగా ఆపాడు.

పెద్దాయన లేచాడు. క్యారేజీ మూతని వేలితో రెండుసార్లు తట్టి, వంగి, డ్రైవరు చెవిలో మెల్లగా అన్నాడు:

“తువ్వాలు తీసెయ్ అల్లుడూ, ఉడికిపోతున్నావు. దాచాల్సింది నీ మొహం కాదు, పెళ్ళికి మేమిచ్చిన ఈ క్యారేజీ మీద చెక్కించిన నా పేరు!”