ఏడుసార్లు దొరికిన మొహం

కంప్యూటర్ కుయ్యిమంది. తెర మీద ఒక ముసలి మొహం చుట్టూ ఎర్రగీత పడింది.

"ఏడు సార్! మన నాలుగు రోడ్ల కూడలిలో ఏడాదిలో ఏడు కేసులు. యాక్సిడెంట్లు, గొలుసు దొంగతనాలు. ఏడింటి దగ్గరా ఈ మొహమే" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

పాత కెమెరా బొమ్మలన్నీ జల్లెడ పట్టి మొహాలు కలిపే ఆ కంప్యూటర్ వచ్చి వారమైంది. ఇన్‌స్పెక్టర్ ఆ స్టేషన్‌కి వచ్చి నెలైంది. కొత్త ఒక వింత కదా, ఇద్దరూ మంచి ఊపు మీదున్నారు.

"ఎవడు వీడు?"

"అక్కడే గట్టు మీద కూర్చుని తాళంచెవులు చేస్తాడు సార్."

"తాళంచెవులా! ఇంకేం, తీగ దొరికింది. లాగితే డొంకంతా కదుల్తుంది."

జేబులో ఫోన్ మోగింది. భార్య.

"వచ్చే నెలాఖరుకే పాప మొదటి పుట్టినరోజు. నన్ను కాపాడినాయన్ని భోజనానికి పిలవాలండీ. నిండు నెలలతో, బండి తగిలి రోడ్డు మీద పడిపోతే నా తల ఒళ్ళో పెట్టుకుని ఆంబులెన్సుకి ఫోన్ చేశాడట. ఆయన లేకపోతే నేనూ లేను, పాపా లేదు. పోలీసై ఉండి ఒక్క మనిషిని కనుక్కోలేరా?"

"నేనా, ఊళ్ళో లేను. నువ్వా, స్పృహలో లేవు. పడింది ఏ రోడ్డు మీదో కూడా నీకు గుర్తులేదు. ఎక్కడని వెతకను?" అని విసుగ్గా పెట్టేశాడు.

ముసలాయన్ని తీసుకొచ్చారు. పొద్దుటినుంచి బల్ల మీద కూర్చోబెట్టారు. వేలిముద్రలు తీసుకున్నారు. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు తీశారు. తాళంచెవుల గుత్తి లాక్కుని సొరుగులో పడేశారు. వచ్చేపోయేవాళ్ళంతా దొంగను చూసినట్టే చూశారు.

"ఏడుచోట్లా నీకేం పని?"

"అక్కడే కూర్చుంటాను కదా బాబూ. ఏదైనా జరిగితే లేచి వెళ్తాను. నేనే..."

"కథలొద్దు. మెషిన్‌కి నీ మీద కక్షా?"

"దానికేం తెలుసు బాబూ, నేను..."

"నోర్ముయ్!"



సాక్ష్యం లేదు గనక సాయంత్రం వదిలేశారు. "ఇంకోసారి ఆ కూడలిలో కనిపించావో, మెషిన్ కూస్తుంది. లోపలేస్తా!"

ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. "మరి అక్కడ ఎవరుంటారు బాబూ?"

"పొగరు చూడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. స్టేషనంతా నవ్వింది.

నెల తిరిగింది. కూడలిలో ఒక్క కేసూ నమోదు కాలేదు. పై అధికారి చార్టు చూసి వీపు తట్టాడు. ఇన్‌స్పెక్టర్ కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆ మర్నాడే, పట్టపగలు, అదే కూడలిలో ఒక నర్సును లారీ గుద్దింది. నలభై నిమిషాలు అక్కడే పడి ఉంది. వెళ్ళేవాళ్ళంతా ఇంకెవరో ఫోన్ చేసే ఉంటారనుకున్నారు. కెమెరా అంతా చూసింది. దానికి కావలసిన మొహం ఏదీ కనపడలేదు గనక కంప్యూటర్ కూయలేదు. ఆమె ప్రాణం దక్కింది గానీ కాలు తీసేశారు.

ఇన్‌స్పెక్టర్ ఎమర్జెన్సీ ఫోన్లు ఎత్తే గదికి వెళ్ళి కేకలేశాడు. "బండి పంపడానికి ఇంత ఆలస్యమా?"

"ఫోన్ వస్తే కదా సార్ పంపేది" అంది అక్కడి పెద్దావిడ. "ఆ కూడలి నుంచి ఎప్పుడూ ఒకాయనే చేసేవారు. నెల్రోజులుగా చేయట్లేదు. పాపం, ఒంట్లో బాలేదేమో."

"ఎవరాయన?"

"అడిగితే చెప్పరు. 'పేరెందుకమ్మా, ముందు బండి పంపు' అంటారు. వినండి." ఆవిడ మీట నొక్కింది.

"అమ్మా, తాళంచెవుల గట్టు దగ్గర్నుంచి..."

ఆ గొంతు వినగానే ఇన్‌స్పెక్టర్ తల దించుకున్నాడు.

"ఇవి మా కంప్యూటర్‌లో లేవే?"

"మీకు మొహాలే ఇచ్చారు సార్. గొంతులు మా దగ్గరే ఉండిపోయాయి."

కూడలికి పరుగెత్తాడు. గట్టు ఖాళీగా ఉంది.

"పదిరోజులు గది దాటి బయటికి రాలేదు సార్. తర్వాత ఖాళీ చేసేశాడు" అన్నాడు పక్క దుకాణం అతను. "ఎక్కడికంటే, కెమెరాలు లేని చోటికన్నాడు."

"ఆ చోటేదో ఎలా తెలుస్తుంది?"

"మాకేం తెలుసు సార్. పోలీసులు, మీరే కనుక్కోవాలి."

స్టేషన్‌కొచ్చి సొరుగు తీశాడు. తాళంచెవుల గుత్తి అలాగే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి సిగ్గేసింది.

ఆ రోజు కంప్యూటర్ బొమ్మలన్నీ మొహం వరకే కత్తిరించి చూపించింది. తనూ అంతవరకే చూశాడు. ఇప్పుడు మొదటి కేసు బొమ్మ మొత్తం తెరిచాడు.

బల్ల మీద ఫోన్ మోగుతోంది. రేపే పాప పుట్టినరోజు.

బొమ్మలో ముసలాయన నడిరోడ్డు మీద చతికిలబడి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఉన్నాడు. ఆయన ఒళ్ళో తల పెట్టుకుని పడి ఉన్నది తన భార్య.