రెండో గొంతు

ఆదివారం సాయంత్రం ఐదున్నరకు గాజువాక లైబ్రరీ హాల్లో దేవీప్రసాద్ కవితకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మొదటిసారి కొట్టారు. రెండోసారే కొట్టలేదు.

ఆ కవుల సంఘంలో ఒక పద్ధతి ఉంది. కవి చదివాక, అదే కాగితం అందుకుని వినేవాళ్లలో ఒకరు మళ్లీ చదవాలి. రెండు గొంతుల్లోనూ నిలబడ్డ కవితే మేడే సభకు వెళ్తుంది.

దేవీప్రసాద్‌కు ఆ సభ కావాలి. పెందుర్తి అద్దె గదిలో అతని కవిత వినే మనిషి లేడు. నెలంతా గోడకే చదివి వినిపించాడు.

కవిత పేరు 'ఎల్లారావు'. షిప్‌యార్డులో క్రేన్ కింద పడి చనిపోయిన కాంట్రాక్టు కూలీ. దేవీప్రసాద్ అతణ్ణి ఎప్పుడూ చూడలేదు. పేపర్లో వార్త చదివాడు.

ప్రతి చరణం చివరా 'లే, ఎల్లారావూ, లే' అని వస్తుంది. వచ్చినప్పుడల్లా అతను బల్ల గుద్దాడు. హాలు అతనితో కలిసి అరిచింది.

రెండోసారి చదవడానికి వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. అరవై దాటి ఉంటాయి. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు.

కూడబలుక్కుంటూ చదివింది. 'లే' దగ్గర మాత్రం కాగితం చూడలేదు. గొంతు తగ్గించి, ఆ అక్షరాన్ని సాగదీసింది. ఎల్లారావు పేరు ముందు వరసకు వినపడీ వినపడనట్టు పలికింది.

ఎవరూ కదల్లేదు. కార్యదర్శి కామరాజు తర్వాతి కవిని పిలిచాడు. మేడేకు ఆ కవి ఎంపికయ్యాడు.

దేవీప్రసాద్ బస్టాపులో ఆమెను పట్టుకున్నాడు.

"తిరగబడమని రాశానమ్మా. మీరు జోలపాట చేసేశారు."

"అలగ కేకలేత్తే ఆడు లెగడు బాబూ. దడుసుకుంతాడు."

"ఎల్లారావు చచ్చిపోయాడమ్మా. కవిత సరిగా విన్నారా?"

"ఇన్నాను."

సబ్బవరం బస్సు వచ్చింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"ఇంకొక్కపాలి సదువుతారేటి బాబూ? నెమ్మదిగా. మీ నోటంట ఇనాలనుంది."

గొంతు పోయిందన్నాడు. వచ్చే నెల రమ్మన్నాడు.

మరుసటి నెల దేవీప్రసాద్ అదే కాగితం తెచ్చుకున్నాడు. ఆమె రాలేదు. ఆవిడెవరని కామరాజును అడిగాడు.

"బస్టాపుకాడ తగువేసుకున్నావు గానీ, పేరడిగావేటి బావా?"

కామరాజు అప్పటికే యార్డులో వాకబు చేశాడు. పేరు మంగాయమ్మ. సబ్బవరంలో ఇల్లు ఖాళీ చేసింది. ఎక్కడికెళ్లిందో పక్కింటివాళ్లకూ తెలియదు.

మొదటి షిఫ్టుకు రోజూ కొడుకు ఎల్లారావును ఆమే లేపేది.