ఊగిన ఇల్లు

ఇల్లు ఊగింది. గూట్లోంచి గిన్నెలు దొర్లాయి. గౌరీశ్వరి నడవలేని అత్త చిలకమ్మను వీపున వేసుకుని కంచరపాలెం వీధిలోకొచ్చింది. ఆ అత్తాకోడళ్లకు దీపావళి నుంచీ మాటల్లేవు.

గౌరీశ్వరి మొగుడు, పోర్టులో పనిచేసే జగ్గారావు, అప్పటికే బయటున్నాడు, చంకలో కొత్త రేడియోతో.

భూమి ఊగడం ఆగింది. ఇళ్లేవీ పడలేదు.

"బయపడకండి," అన్నాడు జగ్గారావు ఇరుగుపొరుగుతో. "పెపంచకంలో రోజూ ఎక్కడో దగ్గర బూమి కదుల్తానే ఉంటాది. రేడియోలో సెప్పారు."

"మరి నువ్వెందుకురా పరిగెట్టినావు?" అడిగింది చిలకమ్మ.

"రేడియో పడిపోతాదని."

జగ్గారావు రేడియో అరుగు మీద పెట్టి, తల్లిని దింపడానికి చేతులు చాపాడు. ఆవిడ కోడలి మెడ గట్టిగా పట్టుకుంది.

"నన్ను లోపలికి తీసుకుపోవే, గౌరీ."

"మళ్లీ ఊగితే ఏటత్తా?"

"ఊగితే నువ్వే మోసుకొద్దువుగాని."